షుగర్ జబ్బు - రక్తం చెప్పే సాక్ష్యం
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మున్ముందుగా ఒక మనవి. మేము డాక్టర్లము కాము. నాంపల్లిలో ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయులము. జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈసారి తెలుగులో మాట్లాడండి, ఇంటింటికీ పనికివచ్చే విషయం మాట్లాడండి అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఇంటింటికీ అంటే షుగరు కంటే ఏముంటుంది? ఆబిడ్స్‌లో ఏ హోటల్లోనైనా నలుగురు కూర్చుంటే ఇద్దరు "ఫీకీ చాయ్" అంటారు. భారత వైద్య పరిశోధనా మండలివారు 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరున్న వాళ్లు పది కోట్లకు పైనే. అందుచేత ఈ జబ్బు గురించి ప్రతివాడూ హకీమే. వచ్చిన చిక్కంతా అక్కడే ఉన్నది. షుగరంటే ఒక్కటే జబ్బని మనమంతా అనుకుంటున్నాము. అది ఒక్కటి కాదు.

ఉర్దూ పుస్తకాల్లో లబ్లబా అంటాము, తెలుగులో క్లోమ గ్రంథి. కడుపు వెనుక ఉంటుంది. అందులో అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా లాంగర్‌హాన్స్ పుటికలు, వాటిలో బీటా కణాలు. ఇన్సులిన్ తయారుచేసేవి ఈ బీటా కణాలే. మన ఇళ్లల్లో సాధారణంగా కనిపించే షుగరు టైప్ 2. దానిలో ఇన్సులిన్ ఉంటుంది గాని శరీరం దాని మాట సరిగా వినదు, పోనుపోను ఉత్పత్తి కూడా తగ్గుతుంది. మాత్రలు, నడక, తిండిలో అదుపు, వీటితో చాలా ఏళ్లు నడుస్తుంది. టైప్ 1 అలా కాదు. రోగక్రిములతో పోరాడవలసిన మన సొంత రక్షణ వ్యవస్థే బీటా కణాలను పరాయివిగా భావించి చంపేస్తుంది. చివరికి ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు మాత్రలతో పని జరగదు. సూది మందు ప్రతిరోజూ కావాలి, బ్రతికున్నన్నాళ్లు కావాలి. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చేదాకా, ఈ జబ్బు వచ్చిన పిల్లలు సంవత్సరమో రెండేళ్లో ఎండిపోయి పోయేవారు.

అయితే రెండింటిలోనూ రక్తంలో చక్కెర ఎక్కువే కదా, ఏది ఏదో ఎలా తెలుసుకోవడం? పిల్లలకైతే టైప్ 1, పెద్దలకైతే టైప్ 2 అని పాత లెక్క. ఆ లెక్క నమ్మదగినది కాదు. పాశ్చాత్య దేశాలలో కొత్తగా వచ్చే టైప్ 1 కేసుల్లో సగానికి దగ్గరగా పెద్దవాళ్లవే అని తేలింది. మరోవైపు లావుపాటి బడిపిల్లలకు టైప్ 2 రావడం మనం ఇప్పుడు చూస్తూనే ఉన్నాము.

మా ఎరుకలో ఒక యువకుడున్నాడు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పని. 28 ఏళ్లు, సన్నటి మనిషి. దాహం, నీరసం అని పరీక్ష చేయిస్తే షుగర్ వచ్చింది. తండ్రికి ఉన్నది, మేనమామకు ఉన్నది, అందుచేత ఇదీ అదే అనుకున్నారు. మాత్రలు మొదలయ్యాయి. ఆరు నెలలకు ఒకటి రెండైంది, ఏడాదికి మూడైంది. షుగర్ దిగలేదు, మనిషి మాత్రం దిగిపోయాడు. ఇంట్లో వాళ్లు "బిర్యానీ తింటున్నావు, నోరు కట్టుకోవు" అని తిట్టడం. పాపం, అతను రొట్టె ముక్క కూడా లెక్కపెట్టుకుని తింటున్నాడు! రెండేళ్ల తరువాత ఒక డాక్టరుగారు అతని ఒంటి తీరు చూసి ఒక రక్త పరీక్ష రాశారు. పేరు జి.ఎ.డి. యాంటీబాడీ. గట్టిగా పాజిటివ్ వచ్చింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. మూడు నెలల్లో చొక్కాలు మళ్లీ బిగుతయ్యాయి. ఇందులో మేము ఎవరి తప్పూ పట్టడం లేదు. ఇంటినిండా షుగరున్నప్పుడు ఎవరికైనా అదే తోస్తుంది. కాగా ఆ పరీక్ష ఏమిటి, అది ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నదే ఈనాటి మా విషయం.

యాంటీబాడీ అనే మాట కొత్తగా ఉన్నా వస్తువు మీకు తెలియనిది కాదు. టైఫాయిడ్ అనుమానం వస్తే విడాల్ పరీక్ష చేయిస్తారు గదా. ఫెర్నాండ్ విడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో చెప్పిన పరీక్ష అది. టైఫాయిడ్ క్రిమి ఒంట్లో దూరితే దానిని పట్టుకోవడానికి శరీరం కొన్ని ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. విడాల్ పరీక్ష వెతికేది వాటినే. సరిగ్గా అలాంటివే, కాని క్రిమి మీద కాకుండా మన సొంత కణాల మీద తయారైతే, వాటిని స్వయం ప్రతిరక్షకాలు, ఆటోయాంటీబాడీలు అంటారు. థైరాయిడ్ వాళ్లకూ, కీళ్లవాతం వాళ్లకూ ఇలాంటి పరీక్షలే రాస్తుంటారు.

ఇక్కడ మా విద్యార్థులు తరచుగా పొరబడే చోటొకటున్నది. బీటా కణాలను చంపేది ఈ యాంటీబాడీలేనా? ముఖ్యంగా కాదు. చంపే పని లింఫోసైట్లు అనే తెల్లకణాలది. యాంటీబాడీ పొగ వంటిది. లోపల ఎక్కడో నిప్పు రాజుకున్నదని అది చెబుతుంది, అంతే. పొగను చూసి నిప్పును ఊహించడమే ఈ పరీక్ష. కనుకనే దానికి కొన్ని హద్దులు కూడా ఉన్నాయి, ముందు ముందు చెబుతాము.

1974లో లండన్‌లో బొటాజో, డెబోరా డోనియాక్ మొదలైన పరిశోధకులు దీనిని మొదట చూశారు. పద్ధతి చాలా తేలికగా అర్థమవుతుంది. మనిషి క్లోమాన్ని పలుచటి పొరగా కోసి, దాని మీద రోగి రక్తద్రవం వేసి, మెరిసే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూశారు. పుటికలున్న చోట మాత్రమే మెరిసింది! అంటే ఆ రక్తంలో ఆ పుటికలకు అంటుకునేదేదో ఉన్నదన్న మాట. అప్పటివరకు టైప్ 1 అనేది స్వయంగా తనను తాను కాల్చుకునే జబ్బని అనుమానమే గాని చేతిలో రుజువు తక్కువ. తరువాత 1983లో అమెరికాలో పామర్ బృందంవారు, ఇంకా ఒక్క సూది కూడా పడని కొత్త రోగుల రక్తంలో ఇన్సులిన్ మీదనే యాంటీబాడీలు ఉన్నాయని చూపించారు. 1990లో జి.ఎ.డి. అనే ఎంజైము సంగతి తేలింది. ఆపైన ఐ.ఎ.-2, 2007లో జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. ఇప్పుడు క్లోమం ముక్కతో పనిలేదు. ఈ పదార్థాలను విడివిడిగా తయారుచేసి, వాటితోనే రక్తాన్ని పరీక్షిస్తున్నారు.

పెద్దవాళ్లకు అనుమానమొస్తే ముందు జి.ఎ.డి. చూస్తారు. అది లేకపోతే ఐ.ఎ.-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్. ఇన్సులిన్ యాంటీబాడీ చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దానితో ఒక పేచీ ఉన్నది. సూదులు మొదలుపెట్టి ఒకటి రెండు వారాలు దాటితే, బయటి నుంచి ఇచ్చిన ఇన్సులిన్ మీద కూడా శరీరం యాంటీబాడీలు తయారుచేయవచ్చు. అప్పుడా ఒక్క పరీక్ష ఏది అసలుదో చెప్పలేదు. మిగతా వాటికి ఈ బాధ లేదు.

ఆ బట్టల దుకాణం యువకుడి వంటి వాళ్ల గురించి ఇంగ్లండులో పెద్ద పరిశోధన జరిగింది. టైప్ 2 అని పేరుపెట్టిన కొత్త రోగుల రక్తం పరీక్షించి, ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. 1997లో ఫలితం ప్రకటించారు. 35 ఏళ్లలోపు వాళ్లలో జి.ఎ.డి. యాంటీబాడీ ఉన్నవారికి ఆరేళ్లలో నూటికి 84 మందికి ఇన్సులిన్ అవసరమైంది. యాంటీబాడీలు లేనివారిలో నూటికి 14 మందికే. పెద్దవయసులో మెల్లగా వచ్చే ఈ రకానికి లాడా అని పేరు పెట్టారు. పేరు ముద్దుగా ఉన్నది గాని జబ్బు ముద్దైనది కాదు.

సరే, ఇక హద్దులు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన కళ్లు మూసుకుని తీర్పు ఇవ్వరాదు. ఒకే ఒక్క యాంటీబాడీ, అదీ కొద్దిపాటిగా, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. 60 ఏళ్ల భారీ మనిషికి, మాత్రలతో చక్కగా నడుస్తున్న వాడికి ఈ పరీక్ష చేయించి, కొద్దిగా పాజిటివ్ వచ్చిందని ఇల్లంతా గాభరా పడటం వ్యర్థం. అంతకంటె ముఖ్యమైనది, నెగెటివ్ వచ్చినా టైప్ 1 కాదని కాదు. ఐరోపా వాళ్లలోనే టైప్ 1 రోగుల్లో నూటికి అయిదు పది మందిలో ఏ యాంటీబాడీ దొరకదు. మన దేశపు పరిశోధనల్లో అలాంటివాళ్లు ఇంకా ఎక్కువగానే కనిపించారు. జబ్బు వచ్చి ఏళ్లు గడిస్తే ఉన్న యాంటీబాడీలు కూడా తగ్గిపోవచ్చు.

పైగా మన వైపు షుగర్లు మరికొన్ని ఉన్నాయి. దక్షిణ భారతంలో, కేరళలో మరీ ముఖ్యంగా, క్లోమంలో రాళ్లు పడి వచ్చే షుగరొకటి డాక్టర్లకు చిరకాలంగా తెలుసు. ఎక్స్‌రేలోనో స్కానింగులోనో రాళ్లు కనబడతాయి. సరైన తిండి లేక చిక్కిపోయిన పేదవాళ్లలో వచ్చే షుగరును 2025లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్యవారు టైప్ 5 అని వేరుగా గుర్తించారు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు షుగరొస్తే అది చాలావరకు ఒక జన్యువులోని దోషం. అలాంటి బిడ్డల్లో కొందరికి సూది మానిపించి మాత్రతో నడపవచ్చు! సన్నగా ఉన్నవాళ్లంతా టైప్ 1 అని మేము ఇక్కడ చెప్పివెళితే అదీ మోసమే అవుతుంది. అందుకే డాక్టర్లు యాంటీబాడీతోపాటు సి-పెప్టైడ్ అనే పరీక్ష కూడా రాస్తారు. క్లోమం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు విడిపోయే ముక్క అది. మందుల దుకాణంలో కొన్న ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. కనుక రక్తంలో సి-పెప్టైడ్ ఉన్నదంటే అది మన సొంత క్లోమం సంపాదన.

ఇంతవరకు చెప్పినదంతా మరచిపోయినా సరే, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. యాంటీబాడీ రిపోర్టు కోసం ఇన్సులిన్ ఆపకూడదు. రిపోర్టు రోజుల తరబడి రాకపోవచ్చు. టైప్ 1 పిల్లవాడు అన్ని రోజులు ఆగలేడు.

మేము తరగతి గదిలో ఉండే మనుషులము గనుక, ముందుగా మా కళ్లకే కనబడేవి కొన్ని ఉన్నాయి. గంట గంటకూ "సార్, బయటికి" అని వేలు చూపించే పిల్లవాడు, రెండు సీసాల నీళ్లు తాగినా చాలని పిల్లవాడు, బెంచీ మీద తలవాల్చే పిల్లవాడు, రంజాన్ సెలవుల తరువాత చూస్తే సగమైన పిల్లవాడు. ఇంట్లో పక్క తడిపితే తల్లి కొడుతుంది. పదేళ్లొచ్చినవాడు మళ్లీ పక్క తడుపుతున్నాడంటే కొట్టవలసిన విషయం కాదు, చూడవలసిన విషయం. ఇది దాటితే వాంతులు, కడుపునొప్పి, రొప్పు, నోట్లో పండు కుళ్లిన వాసన. కొందరు అజీర్ణమనుకుంటారు, కొందరు నిమ్ముకు మందిస్తారు, దిష్టి తీసేవాళ్లు దిష్టి తీస్తారు. వేలి మీద చిన్న పోటు పొడిచి మెషీనుతో చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. షుగర్ ఎక్కువ ఉన్నదా, అదే రోజు, అదే గంటలో దవాఖానాకు.

రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ దవాఖానా మనకు నడిచిపోయే దూరం. 1953లో మొదలైన పిల్లల దవాఖానా. నిలోఫర్ షెహజాదీ పేరిట వెలసింది. ఆమె భర్త మొఅజ్జమ్ జా పేరిటే మన మొజంజాహి మార్కెట్ కట్టారు. భర్త పేరు మీద ఐస్‌క్రీములూ పండ్లూ, భార్య పేరు మీద పసిబిడ్డల ప్రాణాలూ అని మా తరగతిలో నవ్వుతూ చెబుతుంటాము.

ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు మరొక అపాయం వస్తుంది. అది మంచి వేషంలో వస్తుంది. మిగిలిన కొద్ది బీటా కణాలు కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ పనిచేస్తాయి. సూది మందు మోతాదు తగ్గిపోతుంది, కొందరికి నామమాత్రం అవుతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. కొన్ని నెలలు ఉంటుంది, ఆపైన పోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో బంధువు ఒక పొడి తెస్తారు, పసరు తెస్తారు. షుగర్ అప్పటికే తగ్గి ఉన్నది గనుక కీర్తి పొడికి దక్కుతుంది. సూది ఆపుతారు. తరువాత కథ మేము చెప్పము. నాంపల్లి నుంచి ఒక జనాజా వెంట మేమూ నడిచాము. ఆడపిల్ల, తొమ్మిదో తరగతి.

యాంటీబాడీ రిపోర్టు అన్నిటికంటె పనికివచ్చేది ఇక్కడే అని మా అభిప్రాయం. వైద్యం డాక్టరుకు తెలుసు. కాని నానీ అమ్మనూ, చిన్నాన్ననూ ఒప్పించడానికి తండ్రి చేతిలో ఒక కాగితం కావాలి. "ఇదిగో, రెండు యాంటీబాడీలున్నాయి, లోపల నిప్పు ఆరలేదు, ఇప్పుడు తగ్గింది తాత్కాలికం" అని చూపించడానికి ఉండాలి. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి మరచిపోకండి. రంజాన్‌కు ముందు ఉపవాసం సంగతి అడగడానికి డాక్టరు దగ్గరకు పోయినప్పుడు కూడా అదే తీసుకుపోండి. మాత్రలమీదున్న టైప్ 2 మనిషి లెక్క వేరు, టైప్ 1 వాళ్ల లెక్క వేరు. టైప్ 1 వాళ్లకు ఉపవాసంలో ప్రమాదం చాలా ఎక్కువ. రోగికి ఉన్న మినహాయింపు సంగతి ఈ సభకు మేము చెప్పనక్కరలేదు.

ఇక ఖర్చు. ఒక్కొక్క యాంటీబాడీ పరీక్షకు వేలల్లోనే అవుతున్నది, అన్నీ కలిపితే మరింత. ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ దాకా బోర్డులు చూస్తున్నారు కదా, ఫుల్ బాడీ ప్యాకేజీ, ఫ్యామిలీ ప్యాకేజీ. ప్యాకేజీల్లో కలిపి అమ్మితే కొనే పరీక్ష కాదిది. 50 దాటిన తరువాత షుగరొచ్చి, పొట్ట ఉండి, మాత్రలకు లొంగుతున్న పెద్దమనిషికి దీనితో పనిలేదు. ఆ డబ్బుతో కళ్లు, కిడ్నీలు, కాళ్లు చూపించుకుంటే మేలు. వయసులో ఉన్నవాడు, సన్ననివాడు, చిక్కిపోతున్నవాడు, మాత్రలకు లొంగనివాడు, ఇంట్లో థైరాయిడ్ వంటి స్వయం ప్రతిరక్షక జబ్బులున్నవాడు, ఇలాంటివాళ్లు డాక్టరును అడగాలి. అడగడం అమర్యాద కాదు.

ఒక పిల్లవాడికి వచ్చింది, తమ్ముళ్లకు చెల్లెళ్లకు పరీక్ష చేయించాలా? ఇది కష్టమైన ప్రశ్న. జబ్బు లక్షణాలు కనబడటానికి ఏళ్ల ముందే యాంటీబాడీలు పుడతాయి. 2013లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో రెండు లేక అంతకు మించి యాంటీబాడీలున్న పిల్లల్లో పదేళ్లలో నూటికి సుమారు 70 మందికి షుగర్ వచ్చింది. ఒక్కటే ఉన్నవాళ్లలో 15 మందికి లోపే. రెండుంటే, చక్కెర మామూలుగా ఉన్నా, జబ్బు మొదటి మెట్టు ఎక్కినట్టే అని ఇప్పుడు లెక్కిస్తున్నారు. ఇటలీ 2023లో పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలని చట్టమే చేసింది. అమెరికాలో 2022 నవంబరులో టెప్లిజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. రెండో మెట్టు మీద, అంటే యాంటీబాడీలతోపాటు చక్కెర కూడా కొద్దిగా తప్పుతున్న దశలో, 14 రోజులు నరంలోకి ఎక్కిస్తే జబ్బు రావడం సుమారు రెండేళ్లు వాయిదా పడుతున్నది. నయం కాదు, వాయిదా. ధర మనబోటివాళ్లు ఊహించగలిగేది కాదు. అయినా పిల్లవాడికి రెండేళ్ల బాల్యం అంటే చిన్నది కాదని తల్లులే చెప్పాలి. మందు మాట అటుంచినా, ముందే తెలిసిన ఇంట్లో పిల్లవాడు స్పృహ తప్పి దవాఖానాకు చేరే పరిస్థితి తగ్గుతుంది. డాక్టరుతో కూర్చుని మాట్లాడి చేయించండి. తెలిసిన తరువాత ఏం చేస్తారో అనుకోకుండా మాత్రం చేయించకండి, భయమే మిగులుతుంది.

మన హైదరాబాదులోనూ ఈ విషయమై పని జరుగుతున్నది. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో డాక్టర్ గిరిరాజ్ రతన్ చాందక్ గారు, పూనా కె.ఇ.ఎం. దవాఖానావారు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు కలిసి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. జన్యువుల తేడాలన్నీ కూడి ఒక అంకె కట్టి, దానితో భారతీయుల్లో టైప్ 1నూ టైప్ 2నూ వేరుచేయవచ్చని చూపించారు. యాంటీబాడీ నెగెటివ్ వచ్చి, డాక్టరుకు సందేహం తీరనివాళ్లకు రేపు ఇలాంటి లెక్క అక్కరకు రావచ్చు.

చివరగా, సభకు ముందే ఒక తల్లి చీటీ పంపించారు. ఆమె కూతురికి టైప్ 1. సంబంధాలు చూస్తున్నారు. పుట్టబోయే పిల్లలకు తప్పకుండా వస్తుందట గదా అని రెండు చోట్ల వెనక్కి పోయారట. పాశ్చాత్య దేశాలలో ఏళ్ల తరబడి కూడబెట్టిన లెక్క మా దగ్గరున్నది, చదువుతాము. తల్లికి టైప్ 1 ఉంటే పుట్టిన పిల్లల్లో నూటికి ఇద్దరికో నలుగురికో వస్తున్నది. తండ్రికి ఉంటే నూటికి అయిదుగురి నుంచి ఎనిమిది మందికి. అంటే అమ్మాయి వైపు నుంచి కంటె అబ్బాయి వైపు నుంచే ఎక్కువ. అబ్బాయికి షుగరుంటే దాచిపెట్టి నిఖా చేసిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆ తల్లి రాసిన చీటీ మా జేబులోనే ఉన్నది. ఈ అంకెలు దాని వెనుకనే రాసి ఇస్తాము, ఈసారి వచ్చేవాళ్లకు చూపించుకోవచ్చు.